విత్తనపు గింజలు

ఫుట్‌బాల్ జట్లను నడుపు విషయమున నేడు సర్వత్ర వ్యాపించియున్న యభిప్రాయ మొకటి కలదు. అది యించుమించుగా నిట్లుండును: జట్టు పుట్టినది గెలుచుటకు, గెలుపునకు గుఱుతు ఛాంపియన్‌షిప్, ఆటగాని కాలు చుఱుకుగా నుండునది పది పండ్రెండేండ్లు మాత్రమే, అభిమాని యోర్పు అంతకంటె నల్పము, కావున నీ యేటి కప్పును ఈ యేడే సంపాదింపలేని శిక్షకుని మార్చుటయు, చేత నున్న ధనమునే కాక చేతికి రానున్న ధనమును గూడ నీ యేటి జట్టుపై వెచ్చించుటయు కార్యదక్షతకు లక్షణములు, నిలుకడ, ఓర్పు, పదియేండ్ల ప్రణాళిక మొదలగునవి గెలువలేనివారు తమ చేతకానితనమునకు పెట్టుకొన్న మంచిపేర్లు. ఈ మాటను పత్రికలలో చదివితిని. టెలివిజన్ వ్యాఖ్యాతల నోట వింటిని. ఒక పాఠశాల మైదానమున పండ్రెండేండ్ల పిల్లల యాటను గోడప్రక్కన నిలిచి చూచుచున్న తండ్రుల నోటను వింటిని. ఇది తప్పని నా నిశ్చయము. అంతియ కాదు, ఈ మాటను నమ్మిన కొలదియు ఆ కోరుకొన్న కప్పులే చేజాఱునని చూపుట నా యుద్దేశము.

ఈ యభిప్రాయమునకు మర్యాదస్థులు చెప్పు మృదురూప మొకటి కలదు. దీర్ఘకాల స్థైర్యము నొక సిబ్బెలోను, తక్షణ విజయకాంక్షను మఱియొక సిబ్బెలోను ఉంచి త్రాసుముల్లు నడుమ నిలుపవలెనని వారందురు. వినుటకు న్యాయముగా నున్న యీ మాటయే మొదటిదానికంటె నెక్కువ హాని చేయుచున్నది. ఏలయన, ఒక సిబ్బె దిగిననే కాని రెండవది లేవదు. స్థైర్యమునకు వేసిన ప్రతి తులమును కాంక్షనుండి తీసివేసినదే యని ముందుగా నొప్పుకొన్నచో మాత్రమే యీ పోలిక నిలుచును. ఆ యొప్పుదలయందే మోసమున్నది. చెట్టు వేరును చెట్టు కాయయు నెదురెదురుగా తూచుకొనదగిన వస్తువులు కావు. వేరునకు నీరు పోసిన దినమున కాయకు నష్టము కలిగినదని లెక్క వ్రాయు తోటమాలి యెవడును లేడు. ఫుట్‌బాల్ క్లబ్బుల కార్యాలయములలో మాత్రము అట్టి లెక్కలు ప్రతి సంవత్సరమును వ్రాయబడుచున్నవి.

దీనికి ఋజువు వెదకుటకు సముద్రములు దాటనక్కఱలేదు. హైదరాబాదు నగరమున 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిచేత పాఠశాలోపాధ్యాయుడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి యయ్యెను; 1950 మొదలు 1963లో మరణించువఱకును నగర పోలీసు జట్టునకు శిక్షకుడుగా నుండెను. ఆ జట్టు బొంబాయిలోని రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వఱకు వరుసగా నైదు పర్యాయములు గెలిచినది. డ్యూరండ్ కప్పును 1950లోను, 1954లోను, 1957లోను, ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా 1961లోను గెలిచినది. కలకత్తాలోని మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ వంటి మహాసంఘములకు గల ధనము గాని, వేలకొలది చందాదారులు గాని యీ జట్టునకు లేరు. పోలీసు కొలువులో నున్నవారు, మైదానమున కెదిగి వచ్చిన గల్లీపిల్లలు, వారిని తీర్చిదిద్దిన యొక పంతులు: వారి సంపద యంతయు నిదియే.

ఆ పంతులు చేసిన పని యేమో కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. ఏలయన, కప్పుల పట్టికలు అందఱికిని తెలియును గాని కప్పుల వెనుకనున్న పని యెవరికిని గుర్తులేదు. ఆటగాడు తన బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నియమముతో రహీమ్ హైదరాబాదున పోటీలు పెట్టెను. బంతిని తన కాలియొద్దనే యుంచుకొని ఎదుటివారిని తప్పించుచు పోరాదు, వెంటనే తోడివాని కందింపవలెనను నియమముతో వేఱు పోటీలు పెట్టెను. నిర్ణీతమైన యెత్తు మించని చిన్నపిల్లల కొఱకు మఱికొన్ని పెట్టెను. ఈ నియమములను తక్షణవిజయవాది కన్నులతో నొకసారి చూడుడు. కుడికాలి వాటముగల పిల్లవానిని ఎడమకాలితో నాడించినచో వాడు ఈ వారము తడబడును, సులభమైన గోలును చేజార్చుకొనును, చూచువారిచేత నగుబాటగును. ఈ వారపు లెక్కలో నది శుద్ధనష్టము. కాని నాలుగేండ్ల తరువాత ఎదుటిజట్టు రక్షకుడు వాని నే వైపున నడ్డుకొనవలెనో తెలియక నిలిచిపోవును. మఱి యీ నష్టమునకు బదులుగా రహీమ్ తన కాలపు కప్పులను త్యాగము చేసినాడా? లేదు. ఒకవంక పిల్లల నెడమకాళ్ళను దిద్దుచునే మఱియొకవంక ఐదేండ్లు వరుసగా రోవర్స్ కప్పును ఇంటికి తెచ్చినాడు. త్రాసు సిద్ధాంతము చెప్పువారు ఈ రెండు పనులును ఒకే చేతితో నెట్లు జరిగినవో మొదట చెప్పవలెను.

అంతకంటె ముఖ్యమైనది భారత జట్టు కథ. 1951లో న్యూఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో రహీమ్ శిక్షణలో భారతము స్వర్ణపతకము గెలిచినది. మఱుసటి యేడు హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో, పలువురు వట్టికాళ్ళతోనే యాడిన మన జట్టు, యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో నోడినది. పది గోలులు! నేటి నీతి ప్రకారము ఆ శిక్షకుడు తిరుగు ప్రయాణపు విమాన మెక్కకమునుపే మాజీ శిక్షకుడై యుండవలెను. ఆ కాలపువారు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలకు జట్టును మరల నాతని చేతనే పెట్టిరి. అచట భారతము ఆస్ట్రేలియాను 4–2 తేడాతో నోడించినది. నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనలునకు చేరిన మొదటి ఆసియా దేశము మనదియే యయ్యెను. సెమీఫైనలులో నెదురైనది అదే యుగోస్లావియా. మొదటి గోలు మనది; తుదకు 4–1 తేడాతో నోడితిమి. పదికి నొకటి, నాలుగునకు నొకటి: ఈ రెండంకెల నడుమనున్న నాలుగేండ్లే నేను చెప్పదలచిన స్థైర్యము.

కథ అంతటితో నాగలేదు. 1960లో రోమ్ నగరమున హంగేరీ చేతిలో నోడి, ఫ్రాన్సుతో సమముగా నాడి, పెరూ చేతిలో నోడి మనవారు తిరిగివచ్చిరి. మరల తొలగింపునకు యోగ్యమైన సందర్భమే. మరల తొలగింపలేదు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో మొదటి యాటయందే దక్షిణ కొరియా 2–0 తేడాతో మనల నోడించినది. ఆ తరువాత థాయిలాండును, జపానును, దక్షిణ వియత్నామును గెలిచి సెప్టెంబరు 4న ఫైనలులో, ఇంచుమించు లక్షమంది ప్రేక్షకులలో నధికసంఖ్యాకులు మనకు ప్రతికూలముగా కేకలు వేయుచుండగా, ఆ కొరియా జట్టునే 2–1 తేడాతో నోడించితిమి. తలకు కుట్లుపడిన రక్షకుడు జర్నయిల్ సింగును రహీమ్ ముందువరుసలో నాడించెను, పి. కె. బెనర్జీ యొక గోలును, ఆ జర్నయిల్ సింగు మఱియొక గోలును చేసిరి. సికిందరాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్, హైదరాబాదువాడైన యూసుఫ్ ఖాన్ ఆ జట్టులోని వారే. ఫలితమును బట్టియే శిక్షకుని యెడల తీర్పు చెప్పవలెనను సూత్రమును పాటించినచో రహీమ్ 1952లో నొకసారియు, 1960లో నొకసారియు, 1962లో మొదటి యాట ముగిసిన సాయంకాలమున మఱియొకసారియు వెళ్ళగొట్టబడవలసినవాడు. అట్లు జరిగియున్నచో నాతడా స్వర్ణపతకమును చూడకపోవును, మనమును చూడకపోవుదుము.

ఇపుడు పూర్వపక్షము వారి ప్రధానహేతువును పరిశీలింతము. శిక్షకుని మార్చినంతనే జట్టు గెలుచుచున్నది గదా, ఇది ప్రత్యక్షప్రమాణము గదా యని వారందురు. ప్రత్యక్షమే, కాని కాకతాళీయ న్యాయమును మన తర్కశాస్త్రజ్ఞులు ఇట్టి ప్రత్యక్షములకొఱకే చెప్పియుంచిరి. కాకి వ్రాలినది, తాటిపండు రాలినది. అందువలన కాకియే పండును రాల్చినదని చెప్పరాదు. వరుసగా నైదారు ఆటలోడిన జట్టు ఆ పిమ్మట కొన్ని గెలుచుట సహజము. ఏ జట్టును తన సహజబలమునకు మిక్కిలి దిగువగా చిరకాలము నిలువదు. బాస్ టెర్ వేల్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు హాలండు దేశపు ప్రథమశ్రేణి ఫుట్‌బాలులో 1986 మొదలు 2004 వఱకు జరిగిన శిక్షకుల మార్పులను పరిశీలించెను. శిక్షకుని తొలగించిన జట్లు కోలుకొన్నవి, నిజమే. కాని యంతే పతనము నొంది శిక్షకుని తొలగింపని జట్లును అట్లే కోలుకొన్నవి. కాకి వ్రాలని చెట్టు క్రిందను పండు రాలియే యున్నది.

మార్పు నిజముగానే కప్పును తెచ్చినచో తరువాత నేమగునో చూపుటకు మైదానమున నుండియే నేనొక యుదాహరణము నెఱుగుదును. మా ప్రాంతమునం దొక పాఠశాలలో రెండేండ్లు పిల్లలకు బంతిని నేలమీదనే యందించుట నేర్పిన వ్యాయామోపాధ్యాయుని, అంతర్‌పాఠశాలల పోటీలో సెమీఫైనలు పోయినదను నెపమున మార్చివేసిరి. క్రొత్తవాడు పొడగరి పిల్లలనందఱను ముందువరుసలో నిలిపి, వెనుకనుండి బంతిని వీలయినంత దూరము తన్నుడని చెప్పెను. మఱుసటి యేడు కప్పు వచ్చినది. దానిని గాజుబీరువాలో పెట్టిరి. మూడవ యేటికి ఆ పొడగరి పిల్లలు చదువు ముగించి పోయిరి. మిగిలినవారిలో బంతిని పదిగజముల దూరములో నున్న తోడివానికి సరిగా నందింపగలవాడు ఒక్కడును లేడు. ఆ పిల్లలను తలచుకొన్న నాకిప్పటికిని బాధ కలుగును. వారి కాళ్ళకు నేర్పవలసిన వయసు దాటిపోయినది.

న్యాయముగా వాదించువాడు ఎదుటివారి బలమైన సాక్ష్యమును దాచరాదు. ఆ సాక్ష్యము లండనులోని చెల్సీ క్లబ్బు. 2012 మార్చిలో విల్లాస్-బోయాస్‌ను తొలగించి డి మత్తేయోను నియమించిరి. మే నెలలో యూరపు ఛాంపియన్లైరి. 2021 జనవరిలో లాంపార్డును తొలగించి టుఖెల్‌ను నియమించిరి. మే నెలలో మరల యూరపు ఛాంపియన్లైరి. ఇది చూచి లోకమంతయు, తొలగింపే గెలుపునకు దారియని నేర్చుకొన్నది. కాని 2012 నాటి చెల్సీ జట్టునకు వెన్నెముక యెవరు? చిన్ననాటినుండి ఆ క్లబ్బులోనే పెరిగిన టెర్రీ, 2001లో వచ్చిన లాంపార్డు, 2004లో వచ్చిన గోల్‌కీపరు చెక్, అదే యేడు వచ్చిన ద్రోగ్బా. ఎనిమిదేండ్లుగా నొకరి యడుగు నొక రెఱిగి యాడినవారు వీరు. శిక్షకులు వచ్చుచు పోవుచుండగా లోపల మార్పులేక నిలిచినదొకటి యున్నది. గెలిచినది ఆ నిలిచినదియే. కప్పు తెచ్చిన డి మత్తేయోను గూడ ఆఱు నెలలలో తొలగించిరి గదా. తొలగింపే గెలుపునకు కారణమైనచో ఆ యేడును యూరపు ఛాంపియన్లు కావలసినది, కాలేదు. దీనిపైన ఆ క్లబ్బు యజమాని అబ్రమోవిచ్ తన కాలమున నించుమించు 150 కోట్ల పౌండ్లు అప్పుగా నిచ్చి, 2022లో క్లబ్బును విడుచునపుడు తిరిగి కోరలేదు. ఇంతటి ధనమును గంగలో కలుపుకొనగల యజమాని ఎన్ని క్లబ్బులకు దొరకును? రాజు చేసిన పనిని చూచి రైతు తన పొలమును అట్లే నడిపినచో నేమగును?

రియల్ మాడ్రిడ్ విషయమును అంతే. 2016 జనవరిలో బెనీతెజ్ స్థానమున వచ్చిన జిదాన్ మూడేండ్లు వరుసగా యూరపు కప్పు గెలిచినాడు. కాని యాతడు పరాయివాడు కాడు. ఆ క్లబ్బులోనే ఆడినవాడు, అందే సహాయశిక్షకుడుగా నుండినవాడు, అందలి రెండవ జట్టును నడిపినవాడు.

ఓర్పు ఫలించిన కథలలో అందఱును చెప్పునది మాంచెస్టర్ యునైటెడ్‌లో అలెక్స్ ఫెర్గూసన్ కథ. దానిని సగము మాత్రమే చెప్పుదురు. 1986 నవంబరులో వచ్చిన ఫెర్గూసన్ మొదటి నాలుగు సీజనులలో జట్టును 11, 2, 11, 13 స్థానములలో నిలిపినాడు. మూడేండ్లు గడచినను ఏ కప్పును రాలేదు. అభిమానులు బహిరంగముగానే పొమ్మనిరి. 1990లో ఎఫ్.ఏ. కప్పు వచ్చినది, 1967 తరువాత మొదటి లీగు ఛాంపియన్‌షిప్ 1993లో వచ్చినది, 2013లో విరమించునాటికి అట్టివి పదమూడు. ఇంతవఱకు అందఱును చెప్పుదురు. చెప్పని సగమేమనగా, ఈ యోర్పు కాలమున ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. పిల్లలను వెదకు మనుష్యులను ఊరూర నియమించెను. పదునాలుగేండ్ల బాలుర యిండ్లకు తానే పోయి తలిదండ్రులతో మాటలాడెను. 1995లో ఇన్స్, హ్యూస్, కాంచెల్స్‌కిస్ వంటి పేరుగాంచిన వారిని ఒకే వేసవిలో పంపివేసి బెకమ్, స్కోల్స్, నెవిల్ సోదరుల వంటి కుఱ్ఱవారిని నిలిపినపుడు, మొదటి యాట యోడగానే టెలివిజన్ వ్యాఖ్యాత యొకడు పిల్లలతో నేమియు గెలువలేరని తేల్చివేసెను. ఆ సీజనులో లీగును, ఎఫ్.ఏ. కప్పును రెండును ఆ పిల్లలే గెలిచిరి.

కావున స్థైర్యమనగా జడత్వమని నేను చెప్పుటలేదు. ఈ రెంటిని కలిపివేసి, స్థైర్యమును నిందించుట పూర్వపక్షము వారికి సులభోపాయమైనది. ఫెర్గూసన్ తన చివరి యేడు కొఱకు 2012లో ఇరువది తొమ్మిదేండ్ల వాన్ పెర్సీని కొనెను, వాన్ పెర్సీ ఆ సీజనులో లీగులో 26 గోలులు చేసెను, ఛాంపియన్‌షిప్ వచ్చినది. అది స్పష్టముగా తక్షణవిజయము కొఱకు చేసిన వ్యయమే. నేను దానిని తప్పుపట్టను. పంట ఇంటికి వచ్చు నెలలో కూలీల నెక్కువమందిని పిలుచుట తప్పు కాదు. పొలమే లేనివాడు కూలీలను పిలుచుట తప్పు. మఱుసటి యేడు ఆ జట్టు ఏడవ స్థానమునకు జాఱినదని నాకును తెలియును. ఒక మనిషిలో మాత్రమే స్థైర్యమును నిలిపినచో ఆ మనిషితోడనే యది పోవును. ఆ తరువాత వచ్చిన శిక్షకుని తరువాత శిక్షకుని పది నెలలకో, రెండు మూడేండ్లకో తొలగించి, పోయినది తిరిగి వచ్చునని యెదురుచూచుట రెండవ తప్పు. స్థైర్యము మనిషిలో కాక పద్ధతిలో నుండవలెను. లివర్‌పూల్ క్లబ్బులో 1959లో వచ్చిన షాంక్లీ, ఆటగాండ్ర బూట్లు దాచు నొక చిన్న గదిలో తన సహాయకులతో కూర్చుండి ప్రతి యాటను, ప్రతి గాయమును, ప్రతి సాధనను విచారించి వ్రాసియుంచు నలవాటు చేసెను. 1974లో నాతడు విరమించినపుడు ఆ గదిలోనుండియే పెయిస్లీ లేచి వచ్చి తొమ్మిదేండ్లలో ఆఱు లీగు ఛాంపియన్‌షిప్పులు, మూడు యూరపు కప్పులు గెలిచెను. ఆయన తరువాత ఆ గదిలోని ఫేగన్ వచ్చి తన మొదటి యేడే లీగును, యూరపు కప్పును గెలిచెను. మనుష్యులు మాఱిరి, గది మాఱలేదు.

ఇక పూర్వపక్షము వారికి ధనమును గుఱించిన రెండవ వాదము కలదు. గెలిచిన ధనము వచ్చును, ధనము వచ్చిన మరల గెలువవచ్చును, కావున ముందుగా నప్పుచేసియైనను గెలువవలెనని. ఈ వాదమును తుదివఱకు ఆచరించి చూపినది లీడ్స్ యునైటెడ్. యూరపు పోటీలలో ప్రతి యేడును చోటు దొరకునను నమ్మకముతో, రానున్న యేండ్ల టిక్కెట్ల యాదాయమును తాకట్టుపెట్టి 6 కోట్ల పౌండ్లు అప్పు తెచ్చి ఆటగాండ్రను కొనిరి. 2001లో ఛాంపియన్స్ లీగు సెమీఫైనలునకు చేరిరి. మఱుసటి యేటి యూరపు మహాపోటీకి చోటు స్వల్పమైన తేడాతో తప్పినది. అంతే. 2002లో రియో ఫెర్డినాండును నించుమించు 3 కోట్ల పౌండ్లకు, ఆ పిమ్మట తక్కినవారిని నొకరి తరువాత నొకరిని అమ్ముకొనిరి. 2004లో ప్రథమశ్రేణినుండి పడిపోయిరి. తమ స్వంత మైదానమైన ఎల్లండ్ రోడ్డును అమ్ముకొనిరి. 2007లో మూడవ శ్రేణికి దిగిరి. మరల మొదటి శ్రేణికి వచ్చినది 2020లో. మన పల్లెలలో కఱవు వచ్చినను రైతు విత్తనపు గింజలు దాచిన పాతర మీద చేయి వేయడు. ఆకలితో పస్తుండును గాని ఆ గింజలను వండుకొనడు. లీడ్స్ వారు కఱవు లేని యేడే ఆ గింజలను వండుకొనిరి, విందు బాగున్నదని లోకము మెచ్చినది. పదునాఱేండ్లు మొలక లేదు.

ఇచట నా మనసును కదలించు ప్రతివాద మొకటి కలదు. దానిని తేలికగా త్రోసివేయలేను. పోర్ట్స్‌మౌత్ అను చిన్న రేవుపట్టణపు క్లబ్బు 2008లో ఎఫ్.ఏ. కప్పు గెలిచినది. తాహతుకు మించిన జీతముల వలన 2010లో దివాలాస్థితికి వచ్చి, ఆ యేడే క్రింది శ్రేణికి పడి, 2013 నాటికి నాలుగవ శ్రేణికి దిగినది. ఆ పట్టణపు వృద్ధుడొకడు, "చూడగలనని యనుకొనని దినమును నేను చూచితిని, తరువాత నేమైన నాకేమి?" అన్నచో, ఆ వృద్ధుని సంతోషము అసత్యమని నేనెట్లు చెప్పగలను? అది సత్యమే. నేను గూడ నట్టి సంతోషము కొఱకే బ్రతుకంతయు ఈ యాటను చూచుచున్నవాడను. కాని ఆ కప్పు వెలను చెల్లించినది యెవరు? అప్పు తెచ్చిన యజమానులు చేతులు మార్చుకొని పోయిరి. జీతములు పోయినది కార్యాలయపు గుమాస్తాలకు, మైదానపు గడ్డి చూచువారికి. బాకీలు రానిది ఊరిలోని చిన్న వర్తకులకు. తుదకు 2013లో ఆ క్లబ్బును కొని బ్రతికించుకొన్నది ఆ యభిమానుల సంఘమే. తమ చేతి డబ్బు తాము కూడబెట్టి, తాము పొందిన సంతోషమునకు తామే మరల వెలకట్టుకొనిరి. ఆ వృద్ధునికి రెండు దినములు నిచ్చియుండవలసినది: కప్పు వచ్చిన దినమును, దాని తరువాతి దినమును.

ఇంతదూరము పోయిన తరువాత మన యింటికి తిరిగి రాక తప్పదు. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. అను క్లబ్బు ఇండియన్ సూపర్ లీగులో ప్రవేశించి మొదటి సీజనులో చివరి స్థానమున నిలిచినది. 2020లో మనోలో మార్కెజ్ అను స్పెయిన్ దేశీయుడు శిక్షకుడై వచ్చి, పేరులేని భారతీయ యువకులను నమ్మి యాడించెను. ఆ యేడు ఐదవ స్థానము, కప్పు లేదు, ఆయనను మార్చలేదు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానమున కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో గెలిచి ఛాంపియన్లైరి. మఱుసటి సీజనులో రెండవ స్థానము. రహీమ్ తరువాత హైదరాబాదు పేరు ఫుట్‌బాల్ మైదానమున అంత గౌరవముగా వినబడిన దినములు నేనెఱుగను; గచ్చిబౌలి మైదానపు మెట్లపై పసుపుచొక్కాలతో కూర్చున్న పిల్లలను చూచి నా కడుపు నిండినది. ఆ పిమ్మట ఆటగాండ్రకు జీతములు అందలేదు, బాకీల కారణముగా క్రొత్తవారిని చేర్చుకొనరాదని అంతర్జాతీయ సమాఖ్య నిషేధము వచ్చినది, పేరున్నవారందఱును వెళ్ళిపోయిరి. 2023–24 సీజనులో 22 ఆటలలో గెలిచినది ఒక్కటి. మరల చివరి స్థానము. 2025లో క్లబ్బే హైదరాబాదును విడిచి ఢిల్లీకి పోయినది. జట్టును నిలుపు శిక్షకుడు దొరకినను, ఆ శిక్షకుని నిలుపు పునాది లేదు: జీతపు పుస్తకము సరిగా లేని యింట ఎడమకాళ్ళను దిద్దుటకు ఎవరికి తీరిక యుండును?

జాతీయ జట్టు గతియు చూడుడు. 2024 జూన్‌లో స్టిమాచ్‌ను తొలగించిరి. జులైలో ఈ మార్కెజ్‌నే, అదియును ఆయన గోవా క్లబ్బును గూడ నడుపుచుండగా, నియమించిరి. 2025 జులైలో నాతడు పోయెను. ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చెను. పదునాలుగు నెలలలో మువ్వురు. వీరిలో నెవరు సమర్థులు, ఎవరు కారను విచారణ నాకక్కఱలేదు. పదునాలుగు నెలలలో మువ్వురి చేతులు మాఱిన యాటగానికి, ఎవరు చెప్పిన చోట నిలువవలెనో తెలియునా యని మాత్రమే యడుగుచున్నాను. హెల్సింకినుండి మెల్బోర్నునకు నాలుగేండ్లు, మెల్బోర్నునుండి జకార్తాకు ఆఱేండ్లు పట్టినది.

రహీమ్ జకార్తాకు వెళ్ళునాటికే వ్యాధిగ్రస్తుడు. స్వర్ణపతకము వచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సరుచే మరణించెను. ఆ తరువాత భారతమునకు ఆసియా క్రీడల ఫుట్‌బాలులో స్వర్ణము రాలేదు. కాని 1970లో బ్యాంకాక్ నగరమున నొక కాంస్యపతకము వచ్చినది. ఆ జట్టునకు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్, 1944లో హైదరాబాదున పుట్టినవాడు. రహీమ్ పిల్లలకు పోటీలు పెట్టుచున్న ఆ నగరమున, ఆ యేండ్లలోనే, పెరిగి పెద్దవాడైనవాడు.